బొంత వెనక పేర్లు



మీ ఇంట్లో బొంత ఉందా? పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి, పైన ముక్కలు అతికి, చేత్తో కుట్టిన బొంత. అటక మీదో, ట్రంకుపెట్టె అడుగునో, పరుపు కిందో ఉండే ఉంటుంది. ఉంటే ఇవాళ ఒకసారి బయటికి తీయండి. ఎండలో పరవండి. పక్కన కూర్చుని ఒక్కో ముక్కనీ వేలితో తాకుతూ చెప్పుకుంటూ రండి. ఇది అమ్మ చీర. ఇది నాన్న చొక్కా. ఇది నా ఓణీ. ఎంతదాకా చెప్పగలరో చూడండి.

మా అమ్మ కుట్టిన బొంత మీద పద్నాలుగు ముక్కలున్నాయి. పదమూడింటి గురించి నేను చెప్పగలను. పద్నాలుగోది ఎవరిదో నాకు తెలియదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ అడగలేదు. 2009లో అమ్మ పోయింది.

ఆ ఒక్క ముక్క నాకు ఒక పని నేర్పింది. చిన్న పనే. రిటైరై ఇంట్లో ఉన్నవాళ్ళు ఎవరైనా చెయ్యగలిగిన పని. బొంత కుట్టండి. కుట్టాక, దాని వెనక పేర్లు కుట్టండి. ఏ ముక్క ఎవరిదో, ఏ ఏటిదో, దారంతో రాసిపెట్టండి. నేను ఇవాళ చెప్పబోయేది ఇంతే. మిగతాదంతా ఇది ఎందుకు చెయ్యాలో, ఎలా చెయ్యాలో చెప్పడం.

మాది అవనిగడ్డ దగ్గర ఒక పల్లె. దివిసీమ. ఆ పేరు వినగానే పెద్దవాళ్ళకి ఉప్పెన గుర్తొస్తుంది. 1977 నవంబరు 19, శనివారం. అప్పుడు నాకు పదిహేనేళ్ళు. మా నాన్న పోస్ట్‌మ్యాన్. ఆ పూట డ్యూటీ నుంచి వచ్చి ఖాకీ చొక్కా ఇంకా విప్పలేదు. గాలి మొదలైంది. మాది మట్టిగోడల ఇల్లు. ఊళ్ళో ఉన్న ఒక్క డాబా ఇంటికి పరుగెత్తాం. మా నానమ్మని నాన్న వీపు మీద మోసుకొచ్చాడు. తెల్లారేసరికి మా వీధి లేదు. మా ఇల్లు ఉన్న చోట ఇల్లు లేదు. బట్టలపెట్టె ఎటు కొట్టుకుపోయిందో తెలియదు. ఒంటి మీద ఏ బట్టలున్నాయో అవే మా బట్టలు. మా ఇంట్లో అందరం బతికాం. ఊళ్ళో చాలామంది బతకలేదు.

తర్వాత లారీలు వచ్చాయి. బియ్యం వచ్చింది, పాలపొడి వచ్చింది, బట్టల మూటలు వచ్చాయి. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో తమ బీరువాలు తీసి ఇచ్చిన బట్టలు. నాకు ఒక నీలం పావడా దొరికింది. నడుము దగ్గర వదులు. అమ్మ తాడు బిగించి కట్టేది. తమ్ముడికి దొరికిన చొక్కాకి రెండే బొత్తాలు ఉండేవి.

అది చలికాలం. కప్పుకోడానికి ఏమీ లేదు. అప్పుడు అమ్మ ఈ బొంత కుట్టింది. ఆ రాత్రి మేం కట్టుకున్న బట్టలు చీకిపోయి, చిరిగిపోయి ఇక కట్టుకోడానికి పనికిరాకుండా పోయాయి. వాటిలో గట్టిగా ఉన్న చోట కత్తిరించింది. నాన్న ఖాకీ చొక్కా జేబు అందులో ఉంది. జేబుకి సిరా మరక ఇప్పటికీ ఉంది. నానమ్మ తెల్లచీర ఉంది. నా పరికిణీ, అమ్మ నేరేడుపండు రంగు చీర, తమ్ముడి లాగు ఉన్నాయి. లారీ బట్టల్లో మేం కట్టుకుని చింపినవి కొన్ని ఉన్నాయి. మొత్తం పద్నాలుగు. దారం కొనలేదు. చీర అంచులోంచి పోగులు లాగి, రెండేసి కలిపి పేని, ఆ దారంతోనే కుట్టింది.

ఆ పద్నాలుగోది పచ్చ రంగు గుడ్డ. సన్న గళ్ళు. జానెడు వెడల్పు, జానెడున్నర పొడుగు. అమ్మ దాన్ని సరిగ్గా బొంత నడిమధ్య పెట్టింది. కప్పుకుంటే గుండెల మీదికి వచ్చే చోట. మా ఇంట్లో ఎవరూ పచ్చ గళ్ళ బట్ట కట్టుకున్న గుర్తు లేదు. తమ్ముణ్ణి అడిగాను, తెలియదన్నాడు. మా పిన్ని ఒక్కతే ఒక మాట చెప్పింది.

"అది మనది కాదే అమ్మాయ్. లారీలో వచ్చిందే. మీ అమ్మ దాన్ని ఎవరికీ కట్టనివ్వలేదు."

ఎందుకు కట్టనివ్వలేదు? పిన్నికీ తెలియదు.

ఆ గుడ్డ మూల మీద ఒక గుర్తు ఉంది. నల్లగా, పెసరబద్దంత రెండు చుక్కలు. వాటి కింద అడ్డంగా చిన్న గీత. నా ఈడువాళ్ళు వెంటనే గుర్తుపడతారు. చాకలి గుర్తు. చాకిరేవులో పది ఇళ్ళ బట్టలు కలిసిపోకుండా ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు పెట్టేవారు. నల్లజీడి గింజ రసంతో పెట్టేవారు. ఒకసారి పడితే ఇక పోదు. ఎన్ని ఉతుకులు ఉతికినా, బట్ట చీకిపోయినా, ఆ గుర్తు మిగులుతుంది. పిల్లలకి అక్షరాలు రాకపోయినా ఇంటి గుర్తు తెలిసేది. మా ఇంటి గుర్తు మూడు చుక్కలు. ఇప్పటికీ ఎక్కడైనా మూడు చుక్కలు కనిపిస్తే నాకు మా ఇల్లు గుర్తొస్తుంది.

అంటే ఆ పచ్చ గుడ్డ మీద పేరు ఉంది. చదవగలిగినవాళ్ళే లేరు. ఏ ఊళ్ళోనో ఒక రేవు దగ్గర ఒక పెద్దాయన దాన్ని చూస్తే, ఇది ఫలానావారి ఇంటి గుడ్డ అని టక్కున చెప్పి ఉండేవాడు.

నేను ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేసి 2024లో రిటైరయ్యాను. మొదటి నెల కష్టంగానే గడిచింది. తొమ్మిది కాగానే కాళ్ళు గుమ్మం వైపు వెళ్ళేవి. ఒకరోజు ట్రంకుపెట్టె సర్దుతుంటే ఈ బొంత బయటపడింది. దాని కింద అమ్మ చీరలు నాలుగు, నాన్న పంచెలు, మా అమ్మాయి చిన్నప్పటి గౌన్లు ఉన్నాయి. అప్పటికి మా మనవరాలికి ఆరేళ్ళు. దానికి ఒక బొంత కుడదామనుకున్నాను. అలా మొదలైంది. ఇప్పుడు మూడోది కుడుతున్నాను.

బొంత మనకి కొత్తదేం కాదు. సంస్కృతంలో కంథ అన్నారు. బెంగాల్లో కాంథా అంటారు. మరాఠీవాళ్ళు గోధడి అంటారు. కన్నడిగులు కౌది అంటారు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్ధీలని ఉన్నారు. వాళ్ళ పూర్వీకులు ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళు. ఆ ఆడవాళ్ళు కుట్టే బొంతకి నాలుగు మూలలా గుడ్డని ముక్కోణంగా మడిచి పూవులా పెడతారు. మూలన పూవు లేకపోతే ఆ బొంత పూర్తయినట్టు కాదు వాళ్ళకి. నాకు ఆ పద్ధతి ఎంతో నచ్చింది. మా మనవరాలి బొంతకీ నాలుగు మూలలా నాలుగు మడతపూలు పెట్టాను.

ఇంకొక బొంత సంగతి తప్పకుండా చెప్పాలి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో జీస్ బెండ్ అనే పల్లె ఉంది. నల్లజాతి రైతు కుటుంబాల పల్లె. అక్కడి ఆడవాళ్ళు కుట్టిన బొంతల్ని 2002లో హ్యూస్టన్ నగరంలో పెద్ద మ్యూజియంలో గోడలకి వేలాడదీసి ప్రదర్శించారు. వాటిలో ఒకటి మిస్సోరీ పెట్వే అనే ఆవిడ 1942లో కుట్టింది. ఆవిడ భర్త పోయాడు. ఆయన పొలంలో వేసుకున్న పనిబట్టలు తీసి, కత్తిరించి, బొంత కుట్టుకుంది. ఆయన గుర్తుగా కప్పుకోవాలని. పక్కన సాయం చేసింది ఆవిడ కూతురు. ఆ సంగతి మనదాకా వచ్చిందంటే, ఆ కూతురు పెద్దదయ్యాక చెప్పబట్టే. ఆమె చెప్పకపోతే? చూసినవాళ్ళకి అవి వెలిసిపోయిన నీలం గుడ్డలు, గోధుమరంగు గుడ్డలు. అంతే కదండీ.

అందుకే మళ్ళీ చెప్తున్నాను. ముక్క వెనక పేరు ఉండాలి.

ఇప్పుడు ఎలా కుట్టాలో చెప్తాను. మొదటిసారి కుట్టేవాళ్ళు పెద్దది మొదలుపెట్టకండి. పసిపిల్లల బొంతతో మొదలుపెట్టండి. ఒక్క పాత నూలుచీర చాలు. ఐదున్నర మీటర్ల చీరని నాలుగు మడతలు వేస్తే మీటరుంపావు దాటి పొడుగు వస్తుంది. వెడల్పు మీటరు పైచిలుకు ఉంటుంది. ఊయలకీ, చాపకీ సరిపోతుంది.

నూలుచీరే తీసుకోండి. పాతదే తీసుకోండి. మన ఇళ్ళల్లో పుట్టిన బిడ్డకి మొదట చుట్టేది కొత్త బట్ట కాదు గదా. అమ్మమ్మ పాతచీర చింపి పొత్తిగుడ్డలు చేస్తాం. ఎందుకంటే కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, బిరుసు ఉంటుంది. వందసార్లు ఉతికిన నూలు వెన్నలా ఉంటుంది. బొంతకీ అదే సూత్రం. నైలెక్సు చీరలు, పాలిస్టరు చీరలు పక్కన పెట్టండి. అవి చెమట పీల్చవు, పొరల మధ్య జారిపోతాయి. జరీ అంచు ఉంటే కత్తిరించి తీసేయండి. ఒంటికి గీరుకుంటుంది.

గుడ్డలో బలం ఉందో లేదో చూడాలి. వెలుగుకి ఎదురుగా పట్టండి. నూలు పలచబడ్డ చోట జల్లెడలా కనిపిస్తుంది. రెండు బొటనవేళ్ళతో పట్టి మెల్లిగా లాగండి. చిటుక్కుమని పోగు తెగిన చప్పుడైతే ఆ చోటు పైపొరకి పనికిరాదు. లోపొరలో వెయ్యండి. పారేయొద్దు. లోపల ఉన్నదీ బొంతే.

ఉతికి ఆరేసిన చీరని నేలమీద పరవండి. ముడతలు పోయేలా అరచేత్తో నడిమధ్య నుంచి అంచులకి సవరించండి. నాలుగు మూలలా బరువులు పెట్టండి. నేను రుబ్బురోలు పొత్రం ఒక మూల, రోకలి ఒక మూల, మా ఆయన పాత డిక్షనరీలు రెండు మూలల్లో పెడతాను. తర్వాత టాకాలు వెయ్యాలి. అంటే, తర్వాత తీసేసే పొడుగు కుట్లు. ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. టాకాలు నడిమధ్య నుంచి అంచులకి వెయ్యాలి. అంచు నుంచి లోపలికి వస్తే గుడ్డంతా మధ్యలో పోగుపడి ఉబ్బుతుంది. నా మొదటి బొంత అలాగే ఉబ్బింది. మొత్తం విప్పి మళ్ళీ వేశాను. మధ్య నుంచి బయటికి. మర్చిపోకండి.

ఆపైన అతకాల్సిన ముక్కలు పెట్టుకుని, అంచులు లోపలికి మడిచి కుట్టాలి. ఇక మిగిలింది అసలు కుట్టు. సూది గుచ్చడం, తీయడం, గుచ్చడం, తీయడం. ఇంతకన్నా తేలికైన కుట్టు లేదు. వరసకీ వరసకీ మధ్య వేలెడు ఖాళీ ఉంటే చాలు. మా ఆయన సర్వే శాఖలో చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు భూములకి గీతలు గీసిన మనిషి. ఇప్పుడు దర్జీ సుద్దతో, చెక్క స్కేలుతో నా బొంత మీద గీతలు గీస్తారు. ఒక్క గీత వంకర పోదు. సూదిలోకి దారం ఎక్కించేదీ ఆయనే. శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయన చూపు నాకన్నా బాగుంది. పొద్దున టిఫిను అయ్యాక పది సూదులకి దారం ఎక్కించి, దిండుకి వరసగా గుచ్చి, డ్యూటీకి వెళ్ళినట్టు వెళ్ళి పేపరు చదువుకుంటారు. సాయంత్రానికి పది సూదులూ ఖాళీ అయితే ఆ రోజుకి పని అయినట్టు లెక్క.

రోజూ గంటకన్నా ఎక్కువ కూర్చోవద్దు. నేలమీద కూర్చోలేకపోతే కుర్చీలో కూర్చుని, బొంతని బల్ల మీద పరుచుకోండి. కళ్ళకి మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వండి. దూరంగా ఉన్న చెట్టు వైపు చూడండి. షుగరు ఉన్నవాళ్ళకి ఒక జాగ్రత్త. వేళ్ళకి తిమ్మిరి ఉంటే సూది గుచ్చుకున్నా తెలియదు. దర్జీలు వేలికి పెట్టుకునే ఇనప తొడుగు దొరుకుతుంది. అది పెట్టుకుని కుట్టండి.

బొంత పూర్తయింది. ఇప్పుడు అసలు పని.

పాత తెల్లపంచెలోంచి నాలుగు వేళ్ళ వెడల్పు పట్టీ చింపుకోండి. దాని మీద పెన్సిల్‌తో రాయండి. ముక్క ఎవరిది, ఏ సంవత్సరం, ఒక్క మాటలో ఏమిటది. "నాన్న, ఖాకీ, 1977." అంతే. ఆ అక్షరాల మీదే దారంతో కుట్టుకుంటూ వెళ్ళండి. సూది ఒకడుగు ముందుకి, అరడుగు వెనక్కి. బ్యాక్ స్టిచ్ అంటారు దాన్ని. పెన్నుతో రాసి వదిలేయకండి. పది ఉతుకులకి పోతుంది. నల్లజీడి గింజ దొరికినా ముట్టుకోకండి. ఆ రసం పడితే చర్మం పుండవుతుంది. వాడడం తెలిసినవాళ్ళు వాడేవారు. మనకి దారమే మంచిది. అలా కుట్టిన పట్టీని బొంత వెనక, సరిగ్గా ఆ ముక్క ఉన్న చోటే కుట్టండి. ముందు ముక్క, వెనక పేరు.

సంవత్సరం గుర్తులేదా? అడగండి. అక్కడే ఈ పనిలో ఉన్న రుచంతా ఉంది. నేను మా తమ్ముడికి ఫోన్ చేశాను. చారల గుడ్డ ముక్క ఒకటి దొరికింది, నీదా నాదా అని అడిగాను.

"ఇద్దరిదీనక్కా. కంట్రోలు గుడ్డ కదా అది, సర్కారు చవక ధరకి అమ్మించేది. ఉప్పెన తర్వాత రెండో దీపావళికి నాన్న ఒకే తాను తెచ్చాడు. నాకు చొక్కా, నీకు జాకెట్టు, పక్కింటి పిల్లలకి కూడా అదే. వీధిలో అందరం బ్యాండుమేళం వాళ్ళలా తిరిగాం."

ఆ మాట అని వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత గంటసేపు మాట్లాడాడు. పక్కింటి పిల్లల పేర్లు ఒక్కొక్కటే చెప్పాడు. ఆ దీపావళికి కాల్చిన చిచ్చుబుడ్లు ఎన్నో చెప్పాడు. నాన్న ఆ తాను డబ్బు మూడు నెలల్లో తీర్చాడట. నాకు తెలియదు. అరవై దాటాక, మా నాన్న గురించి నాకు తెలియని సంగతి ఒకటి ఒక చారల గుడ్డ వల్ల తెలిసింది. పట్టీ మీద ఇలా కుట్టాను. "అక్క, తమ్ముడు, కంట్రోలు గుడ్డ, 1979 దీపావళి."

మీరూ అడగండి. అత్తనో, పెద్దమ్మనో, బావగారినో అడగండి. ఊరికే పాత సంగతులు చెప్పమంటే ఎవరికీ నోరు రాదు. గుడ్డముక్క చేతిలో పెట్టి ఇది ఎవరిదని అడిగితే చెప్పకుండా ఉండలేరు. దూరాన ఉంటే ఫోనులో ఫొటో పంపండి. ఇవాళే అడగండి. నేను అమ్మని అడగలేదు.

బొంతని చన్నీళ్ళలో కుంకుడురసంతో ఉతకండి. పిండొద్దు. బరువుగా ఉంటుంది కాబట్టి ఇద్దరు పట్టుకుని నీళ్ళు ఓడనిచ్చి, మంచం మీద నీడలో ఆరేయండి. వేసవిలో ఒకసారి కాసేపు ఎండ చూపించి, ఎండువేపాకు వేసి మడతపెట్టండి.

మొన్న దసరా సెలవులకి మనవరాలు వచ్చింది. ఇప్పుడు దానికి తెలుగు చదవడం వచ్చు. అమ్మ బొంతని తిరగేసి వెనక పట్టీలు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదివింది. అమ్మ, నేరేడు చీర. నాన్న, ఖాకీ. నడిమధ్య పట్టీ దగ్గర ఆగింది. అక్కడ నేను పేరు కుట్టలేదు. ఆ గుర్తునే నల్లదారంతో కుట్టాను. రెండు చుక్కలు, కింద గీత, పక్కన 1977.

"అమ్మమ్మా, ఇదేం అక్షరం?"

"అక్షరం కాదమ్మా. ఒక ఇంటి గుర్తు."

"ఎవరిల్లు?"

"మనకి బట్ట పంపిన ఇల్లు."

"వాళ్ళని అడుగుదామా మరి?"

అడుగుతున్నాను. ఈ ప్రసంగం వింటున్నవాళ్ళలో పెద్దవాళ్ళు ఉంటారు. మీ ఇంటి చాకలి గుర్తు రెండు చుక్కలు, కింద అడ్డగీత అయి ఉంటే, 1977లో ఉప్పెన వచ్చినప్పుడు మీ అమ్మగారో, నానమ్మగారో పచ్చ రంగు సన్నగళ్ళ గుడ్డ ఒకటి లారీలో వేసి ఉంటే, ఆ గుడ్డ మా దగ్గర ఉంది. మా అమ్మ దాన్ని బొంత మధ్యలో పెట్టింది. ఇంకా రంగు పోలేదు.